అన్న బండి ఇంటర్‌కూలర్

మా అన్న చనిపోయిన పదమూడో రోజున, భోజనాలయ్యాక, ఒక పెద్దమనిషి లేచి జీవితమంటే పడుగూ పేకా అని మొదలుపెట్టాడు. మా పేటలో ఎవరు పోయినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. నేను లేచి బయటికి వచ్చేశాను. సందులో అన్న కారు ఉంది. షెడ్డు గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపు మూతి పెట్టి, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అద్దం మీద దూది నూగు పేరుకుని ఉంది. మగ్గాలు నడిచే రోజుల్లో అంత నూగు ఒక్క పూటలో పడేది. అవి ఆగి పదమూడు రోజులైంది కాబట్టి అది పాత నూగు. చేత్తో తుడవబోయి మానేశాను.

మరాఠీవాళ్ల ఊళ్లో మా తెలుగు సాలెలు ఉండే దాజీ పేట్‌లో మా అన్నకు ఆరు పవర్‌లూమ్‌లు. వాటి మీద టవళ్లు నేసేవాడు. నేసినవాటిని మూటలు కట్టి, వెనుక సీటు తీసేసిన తన డీజిల్ కారులో వేసుకుని తుల్జాపూర్ తీసుకెళ్లేవాడు. అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ల కోసం అక్కడ చిన్న చిన్న లాడ్జీలు ఉన్నాయి. ఒక్కో లాడ్జీకి ఒకటో రెండో మూటలు. గుమ్మం గుమ్మానికీ తిరగడం, పాత టవళ్లు ఏ స్థితిలో ఉన్నాయో చూడడం, కాసేపు కూర్చుని చాయ్ తాగడం, కొత్తవి ఇచ్చి రావడం, ఇదే ఆ వ్యాపారం. నేను ఆయన తమ్ముణ్ణి. ఒక వాచనాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటూ ఉద్యోగం ముగించినవాణ్ణి. నాకు మగ్గం రాదు, బండి నడపడమూ రాదు.

చివరి ఏడాది ఆ కారు ఘాటు రోడ్డు ఎక్కడానికి మొరాయించింది. చదును రోడ్డు మీద బాగానే పోయేది. తుల్జాపూర్ ముందు కొండదారి మొదలయ్యేసరికి దమ్ము తగ్గిపోయేది. వెనుక నల్లటి పొగ, మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి. మూటలు సగానికి తగ్గించి చూశాడు. ఒకసారి వదినను దిగి నడవమన్నాడట. ఆమె నడిచి కారు కంటే ముందే మలుపు చేరిందట. ఇది ఆమె చెప్పే కథ, అన్న ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకరు ఇంజెక్టర్లు కడిగారు, ఇంకొకరు డీజిల్ ఫిల్టర్ మార్చారు. తేడా రాలేదు.

నేనింకా ఉద్యోగంలో ఉండగా ఒకరోజు ఆయన వాచనాలయానికి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నీ పుస్తకాలల్ల దీని గురించి ఏమన్న ఉంటదేమో జరా చూడు రా."

"ఇక్కడ అసొంటివి ఉండయన్నా," అన్నాను.

చూడలేదు. లేవని తెలుసు కాబట్టి చూడలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

ఆషాఢంలో పోయాడు. మా దగ్గర మగ్గం పనివాళ్లు చనిపోతే అందరూ ముందు ఊపిరితిత్తుల సంగతే అడుగుతారు. అన్న ఊపిరితిత్తులు బాగున్నాయి. తలలో నరం చిట్లింది. ఈ మాట ఇక్కడే రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇక ముందు దూది గురించి చాలా చెప్పాల్సి ఉంది. చదివేవాళ్లు దాన్నీ దీన్నీ కలుపుకోవచ్చు. కలపవద్దు.

భాద్రపదం సగం గడిచింది. నవరాత్రులకు ముందు లాడ్జీలన్నీ టవళ్లు కొనుక్కుంటాయి. అన్న చివరగా నేసినవి షెడ్డులో మూటలుగా ఉన్నాయి. వదిన పగలంతా గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అది పెళ్లికి ముందు నేర్చిన పని, ఎన్నడూ పూర్తిగా వదల్లేదు. ఆ రోజుల్లోనే పాత ఇనుము కొనే భంగార్ మనిషి ఒకడు వచ్చి ఆరు మగ్గాలనూ చూసిపోయాడు. ఒక్కోదాన్నీ అరచేత్తో తట్టి చూశాడు, బర్రెను చూసినట్టు. సోమవారం లారీ తెస్తానన్నాడు. మా పేటలో చాలా షెడ్లు అలాగే ఖాళీ అయ్యాయి. మగ్గం ఒకసారి తూకానికి పోతే మళ్లీ ఆ ఇంటికి రాదు. వదిన అతనికి ఆదివారం చెప్తానంది.

నాకు మాత్రం ముందే చెప్పింది.

"మగ్గాలు నడిపెటందుకు మనుషులున్నరు మరిదీ. నూలిచ్చెటోళ్లు ఉన్నరు. మాల్ పైకి తీస్కపోయెటందుకే బండి లేదు. ఆ బండి నిండ మూటలతోని ఘాటెక్కితె మగ్గాలు ఉంటయి. ఎక్కకుంటె సోమవారం పోతయి. బస్, గంతే."

"టెంపో మాట్లాడుకోవచ్చు గదా వదినా."

"ఒక్కసారి మాట్లాడుకుంట. లాడ్జీ లాడ్జీ ముందల నేను చాయ్ తాగి వచ్చేదాంక టెంపోవాడు ఆగుతడా? మల్ల వచ్చే నెల? దర్ ఖేప్‌కు, పోయినప్పుడల్ల ఒకని ఎనుకపడుడేనా? నాతోని కాదు."

బండి నడపడం ఆమెకు వచ్చు. మూడేళ్ల క్రితం అన్నే నేర్పాడు. నేర్పేటప్పుడు ఇద్దరూ పోట్లాడుకున్న తీరు మా సందంతా విన్నది.

శనివారం పొద్దున ఇద్దరం కారు తీసుకుని కుంఠా నాకా దగ్గర ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లాం. అతని నాన్న మా పేటలోనే మగ్గాలు రిపేరు చేసే జాబరు. కొడుకు మగ్గాల గతి ముందే చూసి కార్లలోకి మారాడు. సన్నగా, గట్టి గొంతుతో, ఒక్క వాక్యంలో మూడు భాషలు మాట్లాడే మనిషి. వదినను మరాఠీవాళ్లలాగా వహినీ అంటాడు.

అతను కారు తీసుకుని ఒక చుట్టు తిరిగి వచ్చి, బానెట్ ఎత్తి, నన్ను పిలిచాడు.

"సర్, ఈ పైపు ముట్టుకోండ్రి. గరమున్నదా? ఇగ ఈ పైపు. ఇది గుడ గరమే ఉన్నదా? ఇది థండ ఉండాలె. దీని రోగం నాకు దొరికింది."

నాకు ఏమీ అర్థం కాలేదని నా ముఖంలో కనిపించి ఉంటుంది. అతను అక్కడే నిలబడి చెప్పాడు.

"ఇంజన్ల నుంచి పొగ బయటికి పోతది గదా. అది ఊకెనే పోకుంట పోతపోత ఒక చక్రాన్ని తిప్పుతది. ఆ చక్రానికి జోడి ఇంకో చక్రం. అది బయటి గాలిని గుంజి ఇంజన్ల కుక్కుతది. అదే టర్బో. కుక్కితె గాలి వేడెక్కుతది, వేడెక్కితె పల్చగైతది. పల్చటి గాలితోని డీజిల్ బరోబర్ కాలది. అందుకే మీకు నల్ల పొగ. అందుకని నడుమల ఆ గాలిని సల్లార్చాలె. దేంతోని సల్లారుస్తరు, చెప్పుండ్రి?"

"నీళ్లతోనా?"

"గాలితోనే సర్. గాలిని గాలితోని. లోపటి గాలి లోపట పోతది, బయటి గాలి బయట తగుల్తది. రొండు కలువయి. దాని పేరే ఇంటర్‌కూలర్. ముంగట బంపర్ ఎనుక ఉంటది. దాంట్ల తిరిగేది లేదు, కాలేది లేదు. ఊకె నిలవడి గాలి తినుడే దాని పని."

"మా మరిది లెక్క," అంది వదిన.

మెకానిక్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ అతను చెప్పింది నా మనసులో నిలిచిపోయింది. వృథాగా పోయే పొగ చేత పని చేయించడం, ఆ పని వల్ల వేడెక్కిన గాలిని ఎదురుగాలితోనే చల్లార్చడం. ఆ ఆలోచన మొదట ఎవరికో వచ్చి ఉంటుంది. అరవై ఏళ్లు వచ్చాయి, ఎన్నో కార్ల పక్క నుంచి నడిచాను, నాకు తెలియదు.

బంపర్ విప్పడానికి అరగంట పట్టింది. అది ఊడి వచ్చాక అతను వంగి దాని వెనుక చూశాడు. తరువాత, "అరె బాప్ రే," అన్నాడు. "కంపెనీవాళ్లు దీనికి గొంగడి కప్పి అమ్మిండ్రా ఏంది?"

ఇంటర్‌కూలర్ కనబడలేదు. దాని చోట, మూరన్నర పొడవు, జానెడున్నర ఎత్తున, బూడిదరంగు మందపాటి పరుపులాంటిది ఉంది. అతను వేలితో పొడిచాడు. వేలు సగం లోపలికి పోయింది. జేబులోంచి బ్లేడు తీశాడు.

"కొయ్యకు," అంది వదిన. "ఆగు. కట్టి ఉన్నది."

నాలుగు మూలలా దారంతో కట్టి ఉంది. ఆమె నేల మీద కూర్చుని మొదటి ముడిని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. తెగిన పోగును అతికేటప్పుడు వేసే ముడి అది. లాగితే బిగుస్తుంది. తోక పట్టి వెనక్కి తోస్తే విడుతుంది. ఆమె అలాగే తోసింది. విడింది. రెండోది, మూడోది విప్పింది. నాలుగోది విప్పే ముందు ఆగి, "మీ అన్న చెయ్యి," అంది నాతో. నాకు అప్పటికే తెలుసు.

పవర్‌లూమ్ షెడ్డు చూడనివాళ్లకు ఇది చెప్పాలి. షెడ్డులో ప్రతి మగ్గానికీ ఒక మోటారు ఉంటుంది. నూగు లోపలికి పోతే మోటారు కాలిపోతుంది. అందుకని ప్రతి మోటారుకూ పలుచని పాత గుడ్డ కడతారు. సెలవు రోజున అన్నీ విప్పి, దులిపి, మళ్లీ కడతారు. మా పేటలో ఎవరూ ఎవరికీ నేర్పని పని ఇది. ఫ్రిజ్ వెనుకా కడతారు, టీవీ వెనుకా కడతారు. అన్న కారుకు కూడా కట్టాడు. ఫ్యాన్ ముందు మూతి పెట్టి నిలిపే కారు కదా.

"మొదట్ల మంచిగనే ఉండుండొచ్చు," అన్నాడు మెకానిక్, బంపర్‌ను తిప్పి చూస్తూ. "ఇది అసలు బంపర్ కాదు. ఎన్నడన్న గుద్దుకున్నదా?"

"నేను నేర్చుకునేటప్పుడు," అంది వదిన. "కరెంటు కంబానికి."

"బరోబర్. అసలుదానికి కింద పెద్ద సందు ఉంటది. చెయ్యి పెట్టి గుడ్డ గుంజి దులుపుకుంట ఉండొచ్చు. ఈ కొత్తదానికి జాలి దగ్గర దగ్గర ఉన్నది. చెయ్యి పట్టది. గుడ్డ లోపట్నే ఉండిపాయె. మూడేండ్లు!"

"అయితే ఏడాది సంది తిరిగితిమి గదా మెకానిక్‌ల ఎంబడి. ఈయనకు యాది రాకపాయెనా?"

"ఎట్ల యాదికొస్తది వహినీ? ఆయన దాన్ని కాపలా అనుకున్నడు. కాపలాదారే దొంగని ఎవడనుకుంటడు?"

వదిన నవ్వింది. నోరు మూసుకోకుండా, పూర్తిగా నవ్వింది. తరువాత ఆ పరుపును ఒళ్లోకి తీసుకుని అంచు దగ్గర రెండు చేతులతో చీల్చింది. దూది చీలినట్టు మెత్తగా చీలింది. లోపల రంగులు ఉన్నాయి.

పొరలు పొరలుగా ఉన్నాయి. అట్టడుగున తెలుపు. దాని మీద సన్నని ఆకుపచ్చ గీత. మళ్లీ తెలుపు, చాలా మందంగా. దాని మీద కుంకుమరంగు, తరువాత నీలం, నీలంలో కలిసిన పసుపు, మళ్లీ కుంకుమరంగు. మా షెడ్డులో ఏ రోజుల్లో ఏ రంగు నూలు నడిచిందో ఆ రంగు నూగు ఫ్యాన్ గుండా బయటికి వచ్చి అక్కడ పడింది. వదిన గోరుతో ఒక్కో పొరా చూపిస్తూ చదివింది. నేను పుస్తకం చదివే వేగంతో చదివింది.

"ఇగో, ఇది దవాఖాన ఆర్డరు, ఉట్టి తెల్లయి. ఈ నీలం ఆ పెండ్లి హాలు వాళ్లది, రంగు కారిందని వాపస్ పంపిరి సూడు, అది. ఈ పసుపు నడుమల్నే ఆపేసినం, నూలు దొరకలే. పైన ఈ కుంకుమరంగు వచ్చే నవరాత్రుల మాల్."

"ఇది?" అన్నాను. అన్నిటికంటే పైన, గాలికి ఎదురుగా, వేలి గోరంత మందాన రంగు లేని పొర ఉంది. మట్టి, పొగమసి.

ఆమె దాన్ని చూసింది. "దాంట్ల మనది ఏం లేదు," అంది.

మగ్గాలు ఆగాక పడిన పొర అది.

నేను అక్కడ ఒక ఖాళీ టైరు మీద కూర్చున్నాను. ఏం అనుకున్నానో సరిగ్గా చెప్పాలని ప్రయత్నిస్తున్నాను. దుఃఖం కాదు. ఎప్పుడో చిన్నప్పుడు అన్న నన్ను మొదటిసారి మిల్లు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయాను. అలా ఉంది. ఎవరూ దాచాలని అనుకోకుండానే ఆ రంగులన్నీ మూడేళ్లు అక్కడ దాగి ఉన్నాయి.

నూగంతా ఒలిచాక అడుగున గుడ్డ బయటపడింది. పాత గుడ్డ కాదు. వదిన దాన్ని వెలుతురుకు పట్టుకుంది. దోమతెరలాంటి గళ్లు, ప్రతి గడి మూలలోనూ ఒక ముడి, గళ్లు జరగకుండా. అంచులు మడిచి కుట్టి ఉన్నాయి. కట్టడానికి మూలల్లో కాజాలు. మగ్గం మీద నేసింది కాదు. చట్రానికి మేకులు కొట్టి, దారం బిగించి, చేత్తో ఒక్కో ముడీ వేసినది. వందల ముడులు.

"కరెంటు పోయినప్పుడల్ల మెట్ల మీద కూసుని ఏందో చేస్తుండె," అంది వదిన. "మగ్గం దారాలు బాగుచేస్తున్నడు అనుకుంటి. ఏందని అడగనే లేదు."

"పని మాత్రం నంబర్ వన్," అన్నాడు మెకానిక్. "పనికిరాని చోట చేసిండు గాని, నంబర్ వన్."

ఆమె దాన్ని మడిచి తన సంచీలో పెట్టుకుంది. ఆ తరువాత ఏం చేసిందో నాకు తెలియదు, అడగలేదు.

ఇంటర్‌కూలర్‌ను రెండు పక్కలా రబ్బరు పైపులు విప్పి బయటికి తీశాడు. పైపుల నోళ్లలో దుమ్ము పడకుండా గుడ్డలు కుక్కాడు. కుక్కుతూ గట్టిగా లెక్క చెప్పాడు. "రొండు గుడ్డలు పెట్టిన. రొండు తీస్త. మీరు యాది పెట్టుకోండ్రి సర్. మన సాలోళ్లకు యాడ కంత కనవడితె ఆడ గుడ్డ కుక్కి మర్సిపోయే రోగమున్నది. ఇప్పుడే సూస్తిమి."

ఆ ఇంటర్‌కూలర్ పెట్టెను వంచాడు. ఒక మూతి నుంచి నల్లటి నూనె చిక్కగా కారింది, చాయ్ గ్లాసులో సగం ఉంటుంది. నాకు భయం వేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. టర్బో నుంచి కొంచెం నూనె ఆవిరై రావడం మామూలేనట, ఏళ్ల తరబడి అడుగున చేరుతుందట. అది లోపలి గోడలకు పూతలా పట్టినా గాలి చల్లారదు. ఒక మూతికి రబ్బరు మూత బిగించి, రెండో మూతి నుంచి కిరసనాయిలు పోసి, దాన్నీ మూసి, పసిబిడ్డను ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు. పది నిమిషాలు అలాగే ఉంచి పారబోశాడు. తారులా వచ్చింది. మళ్లీ పోశాడు. నాలుగోసారికి కిరసనాయిలు పోసిన రంగులోనే బయటికి వచ్చింది. తరువాత గోరువెచ్చని సబ్బునీళ్లు, తరువాత ఉట్టి నీళ్లు.

బయటి వైపు కడగబోయి అతను ప్రెషర్ పైపు అందుకున్నాడు. వదిన లేచింది.

"దాంతోని కొడ్తవా? అది ఫణి లెక్క ఉన్నది. వంగిపోతది."

ఫణి అంటే మగ్గంలో పోగులను విడదీసి ఉంచే ఉక్కు దువ్వెన. దాని పళ్లు ఒక్కటి వంగినా బట్ట మీద గీత పడుతుంది. ఇంటర్‌కూలర్ ముఖం నిజంగానే అలా ఉంది. అడ్డంగా గొట్టాలు, గొట్టానికీ గొట్టానికీ మధ్య కాగితం కంటే పలుచని అల్యూమినియం రేకు, మడతలు మడతలుగా. గాలి ఆ మడతల సందుల్లోంచి పోవాలి.

"నిమ్మలంగనే కొడ్త వహినీ. ఎనుకకెళ్లి ముంగటికి, వచ్చిన తొవ్వలనే వాపస్ పోవాలె. అంత తెలువదా నాకు?" అన్నాడు అతను కొంచెం నొచ్చుకుని. కానీ ఒత్తిడి తగ్గించాడు.

నీళ్లు పోశాక వంగి ఉన్న మడతలు కనబడ్డాయి, పాత దెబ్బలు, రాళ్లు తగిలినవి. వదిన కారులోని పనిముట్ల డబ్బాలోంచి రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి ఇంచిలో ఎన్ని పోగులున్నాయో చూసే మడత భూతద్దం. రెండోది ఫణిలోంచి పోగు లాగే పలుచని ఉక్కు రేకు. రెండూ అన్నవి. భూతద్దాన్ని ఆ ముఖం మీద పెట్టి, కన్ను ఆనించి లెక్కపెట్టింది.

"పద్నాలుగు," అంది. "మన ఫణికంటె ఎడం ఎక్కువనే. కాని ఒక్కటి తప్పు లేదు. ఎవడు నేసిండో గాని."

"మిషన్ నేసింది వహినీ."

"మిషన్‌ను నిలవెట్టినోడు ఒకడుంటడు గదా."

గంటన్నర సేపు ఆమె ఆ రేకుతో వంగిన మడతలను ఒక్కోటీ నిలబెట్టింది. బీడీ చివర మడిచే వేళ్లు అవి. బలం ఎక్కడా వాడలేదు. రేకు పెట్టడం, కొంచెం తిప్పడం, తీయడం. మెకానిక్ మొదట తన పనిలో ఉన్నట్టు నటించాడు, తరువాత స్టూలు లాక్కుని కూర్చుని చూశాడు. నేను కూడా చూశాను. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఆ ముఖం మెల్లగా సాపు అవుతూ వచ్చింది. పెట్టెను ఎత్తి ఎండకు పట్టినప్పుడు అవతలి గోడ ఆ సందుల్లోంచి కనబడింది. మూడేళ్లుగా అందులోంచి ఏమీ కనబడి ఉండదు.

ఆరడం ముఖ్యమన్నాడు మెకానిక్. లోపల తడి మిగిలితే ఇంజన్ దాన్ని తాగి పాడవుతుంది. ఎంతసేపు ఆరాలని అడిగితే, అందాజుగా సాయంత్రం దాకా అన్నాడు.

"అందాజు నక్కో," అంది వదిన. మా మగ్గాల షెడ్డు నుంచి తెచ్చిన తెల్లటి కొత్త టవల్‌ను ఒక మూతికి బిగించి కట్టి, రెండో మూతి నుంచి కంప్రెసర్ గాలి పెట్టమంది. టవల్ మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి. టవల్ మడత మార్చింది. ఎండలో పెట్టారు. మళ్లీ గాలి. ఈసారి పసుపు మరక. మళ్లీ ఎండ. తరువాత ఉట్టి తడి. అలా మధ్యాహ్నం వంగేదాకా. చివరిసారి టవల్ విప్పి చెంపకు ఆనించుకుని, నాకిచ్చింది. నేనూ ఆనించాను. పొడిగా ఉంది. ఏ వాసనా లేదు.

"ఇది నేను నేర్చుకున్న," అన్నాడు మెకానిక్. "మా నాయిన ఉంటె నన్ను తిడుతుండె, సాలెబిడ్డను చూసి కారు పని నేర్చుకుంటున్నవా అని."

బిగించాడు. రెండు గుడ్డలూ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ ఒక సంగతి గమనించాను. రెండు నెలలుగా అందరూ అన్న మంచితనం గురించే చెప్పారు. అవన్నీ నిజమే, కానీ వింటున్నకొద్దీ ఆయన నాకు దూరమయ్యాడు. ఇవాళ ఆయన చేసిన తప్పు ఒకటి దొరికింది. వందల ముడులు వేసి, ఎంతో శ్రద్ధగా చేసిన తప్పు. ఒక మనిషి పోయాక ఆయన తప్పు బయటపడితే ఆ మనిషి ఇంత దగ్గరవుతాడని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ రోజు ఆయన నా బల్ల ముందుకు వచ్చినప్పుడు నేను లేచి వెళ్లి ఒక్కసారి కారు ముందు వంగి చూసి ఉంటే బాగుండేది. నాకు ఏమీ తెలిసేది కాదు. అయినా చూసి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున మూటలన్నీ ఎక్కించాం. పైకప్పు దాకా నిండింది. ఇంకో మూట మిగిలితే అది నా ఒళ్లో పెట్టింది వదిన. "సగం బరువుతోని ఎక్కితె ఎక్కినట్టు కాదు," అంది. భంగార్ మనిషి ముందు రోజే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఫోన్‌ను కారు ముందు అరలో పెట్టి బండి తీసింది.

చదును దారిలో ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. మూట మీదుగా నాకు రోడ్డు సగమే కనబడుతోంది. వానలకు పొలాలు పచ్చగా ఉన్నాయి. దూరంగా కొండ కనిపించాక ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది.

ఘాటు మొదలైంది. మొదటి మలుపు మూడో గేరులో దాటింది. రెండో మలుపు కూడా. అక్కడ ముందు ఒక ఎర్ర బస్సు తగిలింది. భక్తులతో నిండి, మెల్లగా, మూలుగుతూ ఎక్కుతోంది. దాటడానికి చోటు లేదు. వదిన వేగం తగ్గించింది. రెండో గేరు. ఇంకా తగ్గింది. కారు దాదాపు ఆగింది. ఏడాదిగా ఆ కారు చచ్చిపడేది సరిగ్గా ఇలాంటి చోటే. నేను వెనక్కి తిరిగి పొగ ఉందేమో చూడబోయాను. మూటలు తప్ప ఏమీ కనబడలేదు.

"ఎనుకకు సూడకు," అంది వదిన.

బస్సు మలుపు తిరిగి ఎడమకు జరిగింది. ముందు రోడ్డు ఖాళీ. ఆమె కాలు నొక్కింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణం పొడవుగానే ఉంది. తరువాత ఇంజన్‌లో ఎక్కడో సన్నని ఈల మొదలైంది. ఈల పెరిగింది. నా వీపు సీటుకు ఒత్తుకుంది. మూట నా ఛాతీకి ఒత్తుకుంది. నిండా బరువున్న బండి ఏటవాలు మీద ముందుకు దూకింది. బస్సు కిటికీలు, కిటికీల్లో ముఖాలు ఒకటొకటిగా వెనక్కి పోయాయి. వదిన గేరు మార్చింది. మూడు. ఇంకో మలుపు. కారు ఇంకా అడుగుతూనే ఉంది. ఆమె నాలుగు వేసింది.

నేను గట్టిగా ఏదో అన్నాను. ఏమన్నానో నాకు గుర్తులేదు. తరువాత ఆమె చెప్పింది, "అన్నా" అన్నానట.

కొండపైన రోడ్డు పక్కన ఆపి, ఇంజన్ ఆపకుండా దిగి బానెట్ ఎత్తింది. మొదటి పైపు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. రెండో పైపు మీద పెట్టింది. తీయలేదు. నన్ను పిలిచింది. నేను ముట్టుకున్నాను. అంత ఎక్కుడు ఎక్కి వచ్చిన ఇంజన్ పక్కన, జానెడు దూరంలో, ఆ పైపు అరచేతికి హాయిగా, పొద్దుటి గోడలా చల్లగా ఉంది. దాని లోపల గాలి పోతూ ఉంది. చెయ్యి కింద సన్నగా అదురుతోంది. ఇద్దరం చేతులు తీయకుండా అలాగే నిలబడ్డాం. వెనుక వదిలేసిన బస్సు వచ్చి, హారన్ కొట్టి, మమ్మల్ని దాటి పోయింది.

"చెప్దామంటె ఆయన లేడు," అంది వదిన. "ఉన్న గాని ఒప్పుకోకపోతుండె. ఇంజన్‌దే చూక్, నా తప్పు కాదు అంటుండె."

ఆమె కళ్లు తుడుచుకుంది. చేతికి మసి ఉంది, ముఖానికి అంటింది. నేను చెప్పలేదు.

ఫోన్ తీసుకుని భంగార్ మనిషికి చేసింది. మరాఠీలో మాట్లాడింది. సోమవారం రావద్దంది. అవతల అతను రేటు పెంచుతానన్నట్టున్నాడు. రేటు మాట కాదంది. "మాగ్ చాలూ కరణార్ ఆహే," అంది, మగ్గాలు నడపబోతున్నామని. అతను ఇంకా ఏదో అంటుంటే మంచిగానే నమస్కారం చెప్పి పెట్టేసింది.

ఊళ్లో మొదటి లాడ్జీ ముందు కారు ఆపింది. అన్న ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ కారులోనే కూర్చునేదట. లోపలికి వెళ్లి మాట్లాడేది ఆయనే. ఇప్పుడు ఆమె ఒక మూట నెత్తికెత్తుకుంది. నేను నా ఒళ్లోది భుజాన వేసుకుని వెనుక నడిచాను. బల్ల దగ్గర ఉన్న మేనేజరు మమ్మల్ని చూసి, మా వెనుక చూసి, శేట్ రాలేదా అని అడిగాడు. వదిన మూట దించి, ఆయన ఆషాఢంలో పోయారని చెప్పింది. మేనేజరు లేచి నిలబడ్డాడు. కుర్చీలు లాగి వేసి, చాయ్ తెప్పించాడు.

ఆమె కూర్చుని చాయ్ తాగింది. పాత టవల్ ఒకటి తెప్పించుకుని, వెలుతురుకు పట్టి, అంచు చూసి, ఇది ఇంకా ఆరు నెలలు ఆగుతుందని చెప్పింది. తరువాత గ్లాసు బల్ల మీద పెట్టి అడిగింది, దీపావళికి ఎన్ని కావాలి అని.